జగడం బల్ల

మా టీచరమ్మ చనిపోయిందని నాకు చెప్పింది మా నాయిన. లక్డీకాపూల్ ఆఫీసు నుంచి వచ్చి, నాంపల్లిలో మేముండే కిరాయి ఇంటి గోడకు సైకిలు ఆనించి, లోపలికి అడుగు పెట్టకుండానే అన్నాడు.

"బిడ్డా, మీ చిన్నిస్కూలు టీచరమ్మ పోయిందట. దవాఖానల ఉన్నదని గూడ మనకు తెల్వకపాయె."

చదువుతున్న పుస్తకం మూసేశాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీద అంటే చెప్పలేను. ఒక్క మాట చెప్పకుండా పోయినందుకు ఆమె మీదనే కావచ్చు. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి నా ముఖం చూసి, "ఏందే, గట్ల గుడ్లురిమి చూస్తవు? ఏడుపొస్తే ఏడువు" అంది. కాళ్ళు కడుక్కుంటూ నాయిన రెండో సంగతి చెప్పాడు. శనివారం సాయంత్రం బడి ఆవరణలోనే జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నారట. పెద్ద టీచరు మాట్లాడుతుందట.

అప్పుడు నా కోపానికి దారి దొరికింది.

ఇది చదివేవాళ్ళు నా నుంచి మెత్తని మాటలు ఎదురుచూడకండి. చనిపోయినవాళ్ళను తలచుకునేటప్పుడు అందరూ ఒకే రకం మాటలు వాడతారు. ఆ మాటలు ఎవరికి తొడిగినా సరిపోతాయి, అందుకే అవి ఎవరివీ కావు. మా టీచరమ్మ సాధుస్వభావురాలు కాదు. గట్టిగా అరిచేది. నాంపల్లి స్టేషను ముందు రిక్షావాళ్ళతో ఉర్దూలో ఆమె పెట్టుకునే తగాదా వినడానికి పిల్లలం ఆగి నిలబడేవాళ్ళం. చెవి మెలిపెట్టేది. మెలిపెట్టిన చెవిని తర్వాత తనే ఉఫ్ అని ఊదేది. మా వేళ్ళకంటిన సిరాను నిమ్మచెక్కతో చర్మం ఊడేలా రుద్దేది. నాకు దేవుడి గురించి మొట్టమొదట తెలిసినదంతా ఆ మనిషి దగ్గరే తెలిసింది.

మా ఊళ్ళో గడబిడలు ఎక్కువై మేము పట్నం వచ్చిన ఏడాది నన్ను ఆ బడిలో వేశారు. ఆబిడ్స్ రోడ్డు మీది దుకాణాల వెనక, సందులో ఉండే క్రైస్తవుల బడి. చుట్టుపక్కల తెలుగు చెప్పే బడి అదొక్కటే దగ్గర. చేర్పించే రోజు నాయిన చేతులు కట్టుకొని నిలబడి, అడగాలా వద్దా అనుకుంటూనే అడిగేశాడు.

"మా పిల్లను మీ మతంల కలుపుతరా టీచరమ్మా? ముందే చెప్పున్రి. ఇంట్ల మా అవ్వ ఉన్నది. లొల్లి చేస్తది."

ఆమె నా వైపు చూసింది. "అయ్యా, వచ్చినప్పటి సంది మీ పిల్ల నా గొడుగు పుల్లలు ఇరుస్తున్నది. ముందుగాల దీన్ని మనుషులల్ల కలుపనీయున్రి. మతం సంగతి తర్వాత."

నాయిన నవ్వాడు. నేను గొడుగు వదిలేశాను. ఆ రోజు నుంచి ఆమె మీద నాకు ఒక కన్ను ఉండేది.

ఆ బడిలో పొద్దున్నే గంట కొట్టగానే పిల్లలందరూ పెద్ద గదిలో ప్రార్థనకు చేరాలి. ప్రార్థన చేయించేది మా టీచరమ్మే. ఆమె పెట్టిన ఒక పద్ధతి మరే బడిలోనూ ఉండదు. ఎవరికైనా ఎవరితోనైనా కొట్లాట ఉంటే ఆ ఇద్దరూ లోపలికి రాకూడదు. బయట వరండాలో ఒక బల్ల ఉండేది. ఇద్దరూ దాని మీద కూర్చోవాలి. తప్పయిందని చెప్పమని ఎవరూ బలవంతం చేయరు. చేతులు కలపమనరు. కొట్లాట తెగేదాకా ఎన్నాళ్ళైనా ఆ బల్ల మీదే. మేము దాన్ని జగడం బల్ల అనేవాళ్ళం.

దేవుడికి కానుక పట్టుకొని వచ్చినవాడికి దారిలో తన వాడితో పోట్లాట గుర్తొస్తే, కానుక అక్కడే పెట్టి వెనక్కి పోవాలని వాళ్ళ బైబిలు వాక్యంలో ఉంది. మిగతా టీచర్లు ఆ మాట మాచేత కంఠస్థం చేయించారు. మా టీచరమ్మ దానికి ఒక బల్ల వేసింది.

"లోపల పండ్లు కొరుక్కుంట పైకి దండం పెడితే దేవునికి కనపడదా? ఆయనేమన్న గుడ్డోడా?" అనేది.

ప్రార్థన అయ్యాక ఆమె బయటికి వచ్చి, బల్ల మీద ఉన్నవాళ్ళ ముందు గొడుగు ఆనించుకొని నిలబడి అడిగేది. "నీది ఏ కోపం?"

మొదటిసారి నేను, "కోపమే టీచర్" అన్నాను.

"కోపం అంటే దుకాణం పేరు చెప్పినట్టు. నేను సామాను పేరు అడుగుతున్న."

నాకు అర్థం కాలేదు. ఆమె ఒక్కొక్కటే చెప్పింది. ఎవరైనా వచ్చి బతిమిలాడాలని లోపల ఉంటే అది అలక. తప్పు మనదేనని తెలిసినా ఆగకపోతే అది ఉక్రోషం. సమయం కోసం కాచుకొని కూర్చుంటే కక్ష. పగ అనే మాట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. "అది మీ వయసుకు రాదు. రావొద్దు. వస్తే మాత్రం నాకు చెప్పాలె" అంది. ఆ రోజు బల్ల మీద కూర్చొని నా లోపల ఉన్నది ఏదో వెతుక్కున్నాను. ఉక్రోషం దొరికింది. దొరికిన సంతోషంలో కొట్లాట మర్చిపోయాను. లోపల ఉన్నదానికి పేరు ఉంటుందని, పేరు పెడితే అది కొంచెం పక్కకు జరుగుతుందని అప్పుడు తెలిసింది. ఈ వేళ మాటలంటే నాకింత పిచ్చి ఉందంటే అది ఆ బల్ల మీద పట్టిందే.

పెద్ద టీచరుకు ఈ పద్ధతి నచ్చేది కాదు. బడి ఆమెది, క్రమశిక్షణ ఆమెది. చక్కని పుస్తకాల భాష మాట్లాడేది. ఆమెను మంచిదని రాయమంటే రాయను. చెడ్డదని రాయడానికీ నా దగ్గర రుజువు లేదు. ఆమెకు అన్నీ తెలుసు, అంతే. ఏది అడిగినా ఆలోచించకుండా జవాబు చెప్పగలిగే మనిషి.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు వానాకాలం మొదట్లో మా నాయినమ్మ చనిపోయింది. నేను బడికి తిరిగి వచ్చిన రోజు సుశీల నా పక్కన కూర్చుంది. సుశీల వాళ్ళ నాన్న రైల్వేలో పని చేసేవాడు. వాళ్ళు పుట్టుకతో క్రైస్తవులు. అది జాలిగానే అడిగింది.

"మీ నాయినమ్మ ప్రభువును నమ్ముకున్నదా?"

"లేదు. ఎల్లమ్మను నమ్ముకున్నది."

"అయ్యో. అయితే నిప్పులల్లకే పోయి ఉంటది."

"ఎవరు చెప్పిన్రే?"

"నమ్మనోళ్ళందరు ఆడికే పోతరు. కాలుకుంటనే ఉంటరు. ఆరదు అది."

నేను పలకతో దాని భుజం మీద కొట్టాను. అది నా జడ పట్టి లాగింది. ఇద్దరమూ జగడం బల్ల మీదికి పోయాం.

ఈసారి కొట్లాట త్వరగా తెగలేదు. రోజూ గంట కొట్టగానే చెరో చివర కూర్చొని ముఖాలు తిప్పుకునేవాళ్ళం. ఇంట్లో పొయ్యి వెలిగిస్తే నేను వంటింట్లోకి వెళ్ళలేకపోయేదాన్ని. అమ్మ తిట్టేది. ఎందుకు వెళ్ళడం లేదో అమ్మకు చెప్పడానికి నోరు రాలేదు. చెబితే ఆ మాట నిజమైపోతుందని భయం.

అమ్మకు చెప్పలేనిది బల్ల మీద టీచరమ్మకు చెప్పాను. ఆమె ఎప్పటిలా నిలబడి లేదు, నేల మీద మా ముందు కూర్చుంది.

"సుశీలా, నువ్వు పోయి చూసొచ్చినవా?"

"లే టీచర్."

"మరెట్ల తెల్సు?"

"పెద్ద టీచరు చెప్పింది. నేను అడిగిన. వీళ్ళ నాయినమ్మ గూడ ఆడికేనా అంటే ఔ అన్నది."

"ఆమె పోయి చూసొచ్చిందా?"

సుశీల నవ్వబోయి, నవ్వొచ్చో లేదో తెలియక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను అడిగాను.

"మా నాయినమ్మ ఏడున్నది టీచర్?"

"నాకు తెల్వదు బిడ్డా."

నాకు ఒళ్ళు మండింది. ఆమె స్వర్గం అంటుందనుకున్నాను. చక్కగా ఉంది, ఫికర్ చేయకు అంటుందనుకున్నాను.

"మీకు గూడ తెల్వదా? మరెందుకు టీచరైన్రు?"

"తెల్వంది తెల్సినట్టు చెప్పుడు అబద్ధం. దేవుని పేరు పెట్టి చెప్తే ఇంక పెద్ద అబద్ధం. నాకు తెల్సింది ఒక్కటే. ఎండల పడి మీ ఇంటికొస్తే మీ నాయినమ్మ నాకు చెంబెడు అంబలి పోసింది. ఉల్లిగడ్డ గూడ కోసిచ్చింది. ఆ ముచ్చట నేను దేవునికి రోజు చెప్తున్న. ఆయన మర్చిపోకుంట."

ఆ సాయంత్రం నేను వంటింట్లోకి వెళ్ళాను. భయం పూర్తిగా పోయిందని కాదు. ఆ నిప్పు పక్కన ఒక చెంబు కూడా కనబడసాగింది.

ఆ రోజుల్లోనే పెద్ద టీచరు కొత్త నియమం పెట్టింది. ప్రార్థన తర్వాత పెద్ద గిన్నెలో పాలపొడి కలిపి పిల్లలందరికీ తలా ఒక గ్లాసు పోసేవాళ్ళు. ప్రార్థనలో లేనివాళ్ళకు పాలు లేవంది. లేనివాళ్ళంటే మేమిద్దరమే. మేము ఖాళీ గ్లాసులతో నిలబడి ఉండగా మా టీచరమ్మ గొంతు లేచింది.

"పాలు ప్రార్థనకు కూలి గాదు పెద్ద టీచర్."

"పిల్లల ముందు వాదించకండి."

"పిల్లల ముందే చెప్త. ఇంకోటి గూడ ఉన్నది. ఈ పిల్ల నాయినమ్మ సంగతి మీకెట్ల తెల్సు? తెల్వదని ఈ ఇద్దరి ముందు ఒక్క మాట అనున్రి. చాలు."

"నాకు తెలుసు. వాక్యంలో స్పష్టంగా ఉంది."

"వాక్యం ఉన్నది. ఆ ముసలామె పేరు అండ్ల లేదు."

పాలు కాచే ఆయా గరిటె కిందపెట్టి చూస్తూ నిలబడింది. పెద్ద టీచరు తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మర్నాడు గంట కొట్టారు. పిల్లలు లోపల వరుసల్లో నిలబడ్డారు. టీచరమ్మ లోపలికి పోలేదు. తిన్నగా వచ్చి జగడం బల్ల మీద, మా ఇద్దరి మధ్య కూర్చుంది.

"నాకు పెద్ద టీచరుతోని కొట్లాట ఉన్నది. తెగేదాంక నేను గూడ ఈడ్నే" అంది.

ఆ బల్ల ఇద్దరు పిల్లలకు సరిపడేది. మేము చెరో అంచున వేలాడాం.

"జరుగవే, పడిపోతున్న" అంది సుశీల, అన్ని రోజుల తర్వాత నాతో మొదటి మాటగా.

"నువ్వే జరుగు."

"యాడికి జరగాలె? టీచరమ్మ లావున్నది గదా!"

"ఔ, మస్తు లావున్నది" అన్నాను నేను.

"ఏందీ? ఇద్దరు గలిసి నన్ను అంటున్రా?" అంది టీచరమ్మ. ముగ్గురమూ నవ్వేశాం. నవ్వు ఆగాక ఆమె మా ఇద్దరినీ పరీక్షగా చూసింది. "ఇంకేమన్న మిగిలిందా?"

మేము వెతుక్కున్నాం. ఏమీ దొరకలేదు.

"అయితే లేవున్రి. లోపలికి పోన్రి."

"మీరు?"

"నాది తెగలే గదా."

లోపలికి వెళ్ళి నిలబడ్డాం. కిటికీలోంచి ఆమె ముడి, గొడుగు కనబడుతున్నాయి. పెద్ద టీచరు తనే ప్రార్థన చేయించింది. మాటలు తప్పు పోకుండా, చాలా బాగా చేయించింది. బయటికి వచ్చేటప్పుడు బల్ల పక్కనుంచే నడిచిపోయింది. పక్కకు చూడలేదు.

ఆ తర్వాత బడి కమిటీ పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. అందరికీ పాలు పోయాల్సిందేనని తేల్చాడు. టీచరమ్మను పిలిచి, "పాలు ఇస్తున్నారు గదమ్మా, ఇంక లోపలికి పదండి" అన్నాడు. "పాలిచ్చిన్రు, సంతోషం. ఆ పిల్లకు చెప్పాల్సిన మాట ఇంక చెప్పలే" అందామె. ఆయనకు అదేమిటో బోధపడలేదు. ప్రార్థన ఆమె చేతుల్లోంచి తీసేశారు. చిన్నపిల్లల తరగతికి మార్చారు. జగడం బల్లకు ఆకుపచ్చ రంగు వేసి, వచ్చేపోయేవాళ్ళు కూర్చోవడానికని పెద్ద టీచరు గదిలోకి చేర్చారు.

బల్ల పోయినా చోటు ఉంది గదా. గంట కొట్టగానే ఆమె వరండాలో, బల్ల ఉన్నచోటి స్తంభానికి ఆనుకొని నిలబడేది. ఏళ్ళ తరబడి. తర్వాత చేరిన పిల్లలు అది ఆమె ఉద్యోగంలో ఒక పని అనుకున్నారు. తోటి టీచర్లు మొండి అన్నారు. గర్వం అన్నారు. అంత పట్టుదల క్రైస్తవురాలికి తగదన్నారు. పెద్ద టీచరును మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఆ గదిలోంచి ఈ స్తంభం దాకా నడవడానికి ఆమెకేం అడ్డమని ఒక్కరూ అడగలేదు. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ పళ్ళు బిగుసుకుంటాయి.

నేను బషీర్‌బాగ్ పెద్ద బడికి మారిపోయాను. కిందటి ఎండాకాలం ఆబిడ్స్‌లో సిరా కొనుక్కొని వస్తుంటే టీచరమ్మ ఎదురైంది. గొడుగుకు పిడి ఊడిపోతే సుతిలి తాడు చుట్టింది. మనిషి సగమైంది. నా చెయ్యి పట్టుకొని వేళ్ళు తిప్పి చూసి, "సిరా ఇంక పోలే" అంది.

ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నది అడిగేశాను. "టీచర్, ఆ కొట్లాట మీరు ఇడిచిపెట్టొచ్చు గదా. నాకు భయం ఎప్పుడో పోయింది."

"ఇడిచిపెడితే నాది తెగుతది. ఆమెది అట్లనే ఉంటది. నేనొక్కదాన్నే లేచి లోపలికి పోతే ఆమెను బయట ఇడిచిపెట్టినట్టు గాదా?"

"ఆమె లోపలనే ఉన్నది గదా టీచర్!"

"ఉన్న అనుకుంటున్నది పాపం."

నేను నవ్వుతూ అడిగాను. "మరి మీది ఏ కోపం?"

ఆమె నవ్వలేదు. "చూసుకుంటున్న బిడ్డా. రోజు పొద్దుగాల ఆడ నిలబడి అదే చూసుకుంట. పగ కాకుంట చూసుకుంటున్న." తర్వాత రిక్షావాడిని పిలిచి, కిరాయి దగ్గర వాడితో తగాదా పెట్టుకొని, ఎక్కకుండా నడిచి వెళ్ళిపోయింది. అదే ఆఖరు.

శనివారం సాయంత్రం నేనూ సుశీలా కలిసి వెళ్ళాం. కుర్చీలు చాలక గదుల్లోని బల్లలన్నీ ఆవరణలోకి తెచ్చారు. వాటిలో ఒకటి ఆకుపచ్చది. పెచ్చులూడిన చోట పాత చెక్క కనబడుతోంది. అంచున పిల్లల గోళ్ళు గీకిన గుంటలు, వాటిలో నావి కూడా. దాని మీద పాస్టరుగారు, కమిటీ పెద్దమనిషి ఇరుక్కొని కూర్చున్నారు.

పెద్ద టీచరు లేచింది. జుట్టు తెల్లబడింది. భాష మారలేదు.

"ఆమె శాంతమూర్తి. ఏనాడూ స్వరం పెంచి ఎరుగదు. మేమిద్దరం తోడబుట్టిన అక్కచెల్లెళ్ళలా మెలిగాము."

సుశీల నా చెవిలో, "ఎవరి గురించి చెప్తున్నదే?" అంది.

"ఆమె ఇప్పుడు ఎక్కడ ఉందో నాకు బాగా తెలుసు" అంది పెద్ద టీచరు.

మళ్ళీ అదే తెలియడం. మా నాయినమ్మ చోటు తెలిసిన మనిషికి టీచరమ్మ చోటూ తెలిసింది. మధ్యలో అన్నేళ్ళు ఒక మనిషి స్తంభానికి ఆనుకొని నిలబడిన సంగతి మాత్రం తెలియలేదు.

"ప్రార్థిద్దాం" అంది ఆమె. అందరూ లేచారు, కళ్ళు మూసుకున్నారు. ఆకుపచ్చ బల్ల ఖాళీ అయింది. నేను వెళ్ళి దాని మీద ఒక చివర కూర్చున్నాను.

సుశీల ఒక కన్ను తెరిచింది. "ఏం చేస్తున్నవే? లే!"

"నాకు కొట్లాట ఉన్నది. ప్రార్థనల నిలబడరాదు."

అది మళ్ళీ కన్ను మూసుకుంది. పెద్ద టీచరు ప్రార్థన ఒక వాక్యం మధ్యలో తెగింది. తలెత్తి చూస్తే ఆమె కళ్ళు తెరిచి ఉన్నాయి. బల్ల వైపే చూస్తోంది. మిగతాది పాస్టరుగారు అందుకొని పూర్తి చేశారు.

జనం దుమ్ము రేపుకుంటూ మెల్లగా గేటు వైపు కదిలారు. ఆమె నా దగ్గరికి వచ్చింది.

"లేమ్మా. బల్లలు లోపల పెట్టాలి."

"మీతోని నాకు జగడం ఉన్నది టీచర్."

"ఆమె నేర్పిందేనా ఇది?"

"ఔ."

ఆమె కసురుకుంటుందని చూశాను. కసరలేదు. మెల్లగా, పుస్తకాల భాష కాని గొంతుతో అడిగింది.

"నీది ఏ కోపం?"

నేను ఉలిక్కిపడ్డాను. ఆ ప్రశ్న ఈమెకెలా వచ్చు? ఆమె గది కిటికీ వరండాలోకే ఉంటుందని, ఇన్నేళ్ళూ అది తెరిచే ఉండేదని అప్పుడు గుర్తొచ్చింది. జవాబు చెప్పాలని నా లోపల వెతికాను. అలక కాదు. ఉక్రోషం కాదు. కక్ష అని ఇంటి దగ్గర అనుకొని వచ్చాను, ఇప్పుడు చూస్తే అదీ కాదు. నేర్చుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే పెట్టి చూశాను. ఏదీ సరిపోలేదు.

"తెల్వదు టీచర్" అన్నాను.

ఆమె నడుము దగ్గర దోపుకున్న చేతిరుమాలు తీసింది. వంగి, కూర్చోబోయేవాళ్ళు తుడిచినట్టు బల్ల రెండో చివర దుమ్ము తుడవసాగింది. దుమ్ము పోయింది. గోళ్ళ గుంటలు తేటగా బయటపడ్డాయి. ఆమె చెయ్యి మాత్రం ఆగకుండా అక్కడే తిరుగుతూ ఉంది.